తమ్ముడికి ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోంది. డాక్టరు జబ్బు పేరు ఇంకా ఎందుకు చెప్పడం లేదు?

ప్రశ్న (టెక్కలి దగ్గరి పల్లె నుంచి):
నమస్కారం. మా తమ్ముడికి 22 ఏళ్లు. ఎదురింటివాళ్లు తనకు చిల్లంగి (చేతబడి) పెట్టారని, గోడ అవతల నుంచి తనను తిడుతున్నారని మూడు నెలలుగా అంటున్నాడు. రాత్రిళ్లు ఫ్యాను ఆపేసి, గోడకు చెవి ఆనించి గంటల తరబడి నిలబడుతున్నాడు. తాయెత్తులు కట్టించినా ఫలితం లేకపోవడంతో, రెండు వారాల క్రితం శ్రీకాకుళంలో మానసిక వైద్యునికి చూపించాము. ఆయన సైకోసిస్ అని మందులిచ్చారు గానీ, స్కిజోఫ్రీనియా అవునో కాదో ఇప్పుడే చెప్పలేనన్నారు. పెళ్లి చేస్తే కుదుటపడతాడని అమ్మ పట్టుబడుతోంది. ఏం చేయాలి?

జవాబు 1 (విజయనగరం, మానసిక వైద్య విభాగంలో నర్సు):
అమ్మా, డాక్టరు దాచిపెట్టడం లేదు. సైకోసిస్ అనేది జ్వరం వంటి మాట. జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్ల రావచ్చు. అలాగే లేని మాటలు వినిపించడం, ఎవరో కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం స్కిజోఫ్రీనియాలోనే కాక అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులోనూ, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, గంజాయి వల్లనూ, కొన్ని మెదడు జబ్బుల్లోనూ కనిపిస్తాయి. గంజాయి అలవాటు ఉందేమో కోప్పడకుండా అడిగి డాక్టరుకు చెప్పండి. పైగా కాలవ్యవధి కూడా లెక్కే. అమెరికా వైద్యుల నిర్ధారణ పద్ధతిలో జబ్బు గుర్తులు ఆరు నెలలు కొనసాగితేనే స్కిజోఫ్రీనియా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో నెల చాలు. పేరు తేలేదాకా వైద్యం ఆగనక్కరలేదు, ఎందుకంటే మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గించే మందులే ముందుగా వాడతారు. నిద్ర, ఆందోళన ముందు దారికొస్తాయి, అనుమానాలు తగ్గడానికి వారాలు పడుతుంది. చనిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో ఆ గొంతులు చెబుతున్నాయంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

జవాబు 2 (రాజాం, ఒక తల్లి):
తల్లీ, పెళ్లి మందు కాదు. మా అబ్బాయి బాగున్నాడని, సంబంధాలవాళ్లు మాత్రలు చూస్తారని నేనే మాన్పించాను. నాలుగు నెలలకే మళ్లీ గొంతులు మొదలై, నేను పెట్టిన అన్నంలో విషం ఉందని కంచం తోసేశాడు. ఇప్పుడు నెలకొక ఇంజెక్షన్ చేయిస్తున్నాము, దుకాణంలో కూర్చుంటున్నాడు. మీ తమ్ముడితో వాదించకండి, అవునని తలూపకండి. "నాకు వినబడటం లేదు నాన్నా, కానీ నీకు ఎంత భయంగా ఉందో అర్థమవుతోంది" అనడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో జవాబు అమ్మకు చదివి వినిపించాను. కంచం సంగతి రాగానే కళ్లు తుడుచుకుని, ఈసారి డాక్టరు దగ్గరికి తానూ వస్తానంది.