అప్‌డేట్: ఎరుపు తప్ప వేరే రంగు రాని లైట్ కత్తి

మావాడి రంగులు మారే బొమ్మ కత్తి ఎరుపులోనే ఉండిపోయిందని, బటన్ ఎంత నొక్కినా నీలం, ఆకుపచ్చ రావట్లేదని మొన్న అడిగాను కదా, సెల్స్ మార్చి చూడమన్నవాళ్లదే కరెక్ట్. ఎరుపు ఎల్ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు, మిగతా రెండింటికీ 3 దాకా కావాలి, అందుకే సెల్స్ నీరసించినా ఎరుపు ఒక్కటీ వెలుగుతూ బోర్డే పోయిందేమో అనిపిస్తుంది. పిడి దగ్గర స్క్రూ విప్పి మూడు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేశాను, స్ప్రింగ్ వైపు మైనస్. ఒకసారి నొక్కితే రంగు మారుతుంది, నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది (డబ్బా మీద ఆ ముక్క రాయలేదు మహానుభావులు). చార్జింగ్ సెల్స్ ఒక్కోటీ 1.2 వోల్టులే కాబట్టి వాటితో నీలం కాస్త డల్‌గా వస్తోంది. సౌండ్ ఆపే స్విచ్ మాత్రం లేదు, స్పీకర్ రంధ్రాల మీద టేప్ అంటించాను, వాడింకా కనిపెట్టలేదు.