డ్యూటీ ముందు బ్రీత్ టెస్టులో తప్పు రీడింగ్ వస్తే సంజాయిషీ ఎలా రాయాలి?

మా నాన్నగారు బస్సు డ్రైవర్. మందు ముట్టని మనిషి. ఈమధ్య తెల్లవారుజామున డిపోలో బ్రీత్ ఎనలైజర్‌లో ఊదిస్తే అంకె చూపించింది. దగ్గుకి వాడే హోమియో చుక్కలు అప్పుడే వేసుకున్నారు. సీసా మీద ఆల్కహాల్ శాతం కూడా రాసి ఉంది. చూపించినా వినలేదు, ఇంకోసారి ఊదుతానన్నా ఒప్పుకోలేదు. సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఆయన అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు.

పరీక్షే వద్దని నేననను. బస్సు నిండా జనం ప్రాణాలు ఆయన చేతిలోనే కదా. కానీ నోట్లో మిగిలిన హోమియో మందు వాసనకీ, తాగి రావడానికీ తేడా చూడాలి. అమెరికాలో సిటీ బస్సు డ్రైవర్లకు మొదటిసారి ఆల్కహాల్ రీడింగ్ 0.02 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, కనీసం 15 నిమిషాలు ఏమీ నోట్లో వేసుకోనివ్వకుండా ఆపి మళ్లీ ఊదిస్తారు. ఆ రెండో రీడింగే లెక్క. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185లో 100 మి.లీ. రక్తానికి ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే నేరమని ఉంది గానీ, డిపో పరీక్ష ఎలా చేయాలో అందులో లేదు.

డిపోల్లో పనిచేసినవాళ్లు, లేబర్ కేసులు చూసే లాయర్లు దయచేసి చెప్పండి. మిషన్ సరిగ్గా కొలుస్తోందని ఇచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్, ఆ రోజు రీడింగ్ స్లిప్ రాతపూర్వకంగా అడగొచ్చా? డాక్టర్ చీటీ, హోమియో మందు సీసా ఫొటో సంజాయిషీకి జతచేస్తే సరిపోతుందా, లేక ఎంక్వైరీలో డాక్టర్‌తో సాక్ష్యం చెప్పించాలా? యూనియన్ వాళ్లని వెంట తీసుకెళ్లనిస్తారా? జవాబు ఇవ్వడానికి గడువు దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.