అప్‌డేట్: పిక్కల బిగుతు చాలావరకు వదిలింది

ఆరు వారాల క్రితం అడిగాను కదా: రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం, పొద్దున మంచం దిగితే పిక్కలు రాయిలా బిగుసుకుపోతున్నాయి, అధోముఖ శ్వానాసనంలో మడమలు నేలకు ఆనడం లేదని. ఆ ఆసనంలో కదలకుండా నిలవొద్దు, సైకిల్ తొక్కినట్టు ఒక్కో మడమ మార్చి మార్చి దింపమని చెప్పారు. అదే చేస్తున్నాను.

చేతులూ పాదాలూ నేల మీద, నడుము పైకి. కుడి మోకాలు కాస్త వంచి, ఎడమ మడమను నెమ్మదిగా కిందికి వదులుతాను. ఒక శ్వాస బయటికి పోయేంతసేపు ఆగి, కాలు మారుస్తాను. ఒక్కో కాలికి పదిసార్లు. మొదటి వారం తొందరపడి మడమను బలంగా నొక్కాను. కాలి వెనక నరం దగ్గర సలుపు మొదలైంది. రెండు రోజులు మానేసి, ఈసారి మోకాళ్లు వంచుకునే మొదలుపెట్టాను.

అప్పుడే ఒక సంగతి అర్థమైంది. మోకాలు చాపితే పిక్క పైభాగం లాగుతుంది, వంచితే ఆ లాగుడు కిందికి, మడమ దగ్గరికి దిగుతుంది. పిక్కలో పైనున్న కండరం మోకాలు దాటి తొడ ఎముకకు అతుక్కుని ఉంటుంది, లోపలిది మోకాలి కిందే ఆగుతుంది. అందుకే రెండు రకాలుగానూ చేస్తున్నాను.

మడమలు ఇంకా ఆనలేదు. ఎడమ దాని కింద ఒక వేలు సందు, కుడి దాని కింద రెండు. కానీ పొద్దున వంటింటి దాకా గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను. వేడినీళ్ల స్నానం తర్వాత చేయమన్నవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్ అండీ, తేడా బాగా తెలుస్తోంది.