పియర్ వాసన సెంటు హన్మకొండ ఎండకు ఆగుతలేదు, ఎట్ల?

ఓరుగల్లు పిల్ల:
అందరికి నమస్తే. పియర్ నోట్ ఉన్న పర్ఫ్యూమ్ ఒకటి గిఫ్ట్ వచ్చింది, కొట్టుకోంగనే నాస్పతి పండు అప్పుడే కోసినట్టు మస్తుంటది గని సుబేదారి నుంచి చౌరస్తా దాక స్కూటీ మీద పోయేసరికి ఆ పండు వాసన గాయబ్, ఉత్త పూల వాసన మిగుల్తది. మా దోస్తు ఏమో నెయిల్ పాలిష్ లెక్క కొడ్తుంది, డూప్లికేట్ అయ్యుంటది అంటుంది. అసలు ఇది పండు నుంచే తీస్తరా?

కాజీపేట కెమిస్ట్రీ:
గంత మాత్రానికే డూప్లికేట్ అనలేం చెల్లె. మల్లె, గులాబి లెక్క పియర్ నుంచి సెంటుకు పనికొచ్చే నూనె రాదు, ల్యాబ్‌ల చేసిన ఎస్టర్లే (పండు వాసనొచ్చే కెమికల్స్) కలుపుతరు. హెక్సైల్ అసిటేట్ వేస్తే పచ్చి తొక్క వాసన, మాగిన గుజ్జు వాసన కావాల్నంటే ఇథైల్ డెకాడైనోయేట్, దీన్నే పియర్ ఎస్టర్ అంటరు, బార్ట్‌లెట్ రకం పండ్లల్ల సహజంగనే ఉంటది. నెయిల్ పాలిష్‌ల పోసే ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ గూడ ఆ ఖాందానే, అందుకే మీ దోస్తు ముక్కుకు అట్ల తగిలింది. ఇంకో ముచ్చట, పియర్ చాక్లెట్లల్ల వేసే ఐసోఅమైల్ అసిటేట్ తేనెటీగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలిచే వాసనల గూడ ఉంటది, పాకాల అడవి దిక్కు పోతే జర పైలం 😄

అత్తరు పిచ్చి:
పియర్ అంటేనే టాప్ నోట్, ముందుగాల ఎగిరిపోయేదే అది. మన మే నెల ఎండల ఇంకింత జల్ది పోతది, అది సెంటు తప్పు కాదు. కొనేటప్పుడు పియర్ కింద ఏం పెట్టిన్రో చూడాలె. లాంకోమ్ లా వీ ఎ బెల్ (2012)ల పైన పియర్, బ్లాక్‌కరెంట్ ఉంటయి, కింద ఐరిస్, ప్యాచూలీ, ప్రాలిన్ (పాకం పట్టిన గింజల తీపి వాసన) ఉంటయి గాబట్టి పండు పోయినా తీపి ఉంటది, నాకైతె ఎండాకాలం ఆ తీపికి తల నొస్తది. జో మలోన్ ఇంగ్లిష్ పియర్ అండ్ ఫ్రీసియా (2010) కొలోన్, తేలికగుంటది, మన వానాకాలానికి అదే సెట్. మీరు ఉన్నదానికే ముందుగాల చందనం అత్తరు ఒక చుక్క మణికట్టుకు రాసి దాని మీద కొట్టుకోండి, పండు వాసన ఆగదు గని తర్వాత వచ్చేది మంచిగొస్తది.

నర్సంపేట అన్న:
పియర్ ఏదైనా నాకు షాంపూ వాసనే 😅

ఓరుగల్లు పిల్ల:
థాంక్యూ అందరికి. అత్తరు మండిబజార్ల అడుగుత. చున్నీకి రాస్తే మరక పడ్తదా?

అత్తరు పిచ్చి:
పడ్తది, నూనె కద. అత్తరు చర్మానికే, చున్నీ మీద స్ప్రే దూరం నుంచి కొట్టండి, పట్టు బట్టైతె అది గూడ వద్దు.