లోహపు ఎలక్ట్రోడ్‌ను ఆనుకున్న నీటికి రోధక స్థిరాంకం 78 అన్న లెక్క ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచిన బంగారు ఎలక్ట్రోడ్ దగ్గరి విద్యుత్ ద్విపొర (లోహం మీది ఆవేశం, దానికి ఎదురుగా ద్రావణంలో చేరే అయాన్లు కలిసిన పొర) కెపాసిటెన్స్‌ను, అంటే ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యాన్ని, ఇంపీడెన్స్ పద్ధతిలో (చిన్న ఏసీ వోల్టేజీ ఇచ్చి స్పందన చూసి) కొలుస్తున్నాను. పొర మందం 3 ఆంగ్‌స్ట్రామ్‌లు, నీటి రోధక స్థిరాంకం (విద్యుత్ క్షేత్రాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే సంఖ్య) 78 అనుకుని సమాంతర పలకల సూత్రంలో వేస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 230 మైక్రోఫారడ్‌లు రావాలి. నాకు 40 దాటడం లేదు. ఎలక్ట్రోడ్ గరుకుదనమే కారణమా?

సమాధానం 1:
కాదండీ. గరుకు ఉపరితలానికి అసలు వైశాల్యం ఎక్కువ కనుక కొలత పెరగాలే గాని తగ్గకూడదు. తేడా అంతా ఆ 78లోనే ఉంది. అది 25 డిగ్రీల వద్ద స్వేచ్ఛగా ఉన్న నీటి విలువ. అక్కడి అణువులు క్షేత్రం ఎటు లాగితే అటు మళ్లగలవు. లోహాన్ని ఆనుకున్న మొదటి వరుసకు ఆ వెసులుబాటు లేదు. 3 ఆంగ్‌స్ట్రామ్‌ల మీద ఒక్క వోల్టు పడినా క్షేత్రం మీటరుకు 300 కోట్ల వోల్టులు మించుతుంది కనుక, ఎలక్ట్రోడ్ రుణావేశంతో ఉంటే హైడ్రోజన్లు, ధనావేశంతో ఉంటే ఆక్సిజన్ లోహం వైపు తిరిగి నిలిచిపోతాయి. వెండి ఎలక్ట్రోడ్‌పై ఈ తిరుగుడును 1994లో ఎక్స్-కిరణాలతో గమనించారు. అప్పటికే తిరిగి నిలబడ్డ అణువు ఇంకెంతో తిరగలేదు. అందుకే 1963లో బాక్రిస్, దేవనాథన్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు ఆ వరుసకు 6 దగ్గరి విలువ తీసుకున్నారు. 6 వేసి చూడండి, సుమారు 18 వస్తుంది. నునుపైన పాదరసంపై బాగా రుణ పొటెన్షియల్ వద్ద కొలిచేదీ దాదాపు అంతే.

సమాధానం 2:
లెక్క సరైనదే గాని, ఆ 6ను నీటి సహజగుణంగా రాసుకోవద్దని నా మనవి. లోహపు ఎలక్ట్రాన్ మేఘం ఉపరితలం దాటి కొంత బయటికి వస్తుంది కనుక, 3 ఆంగ్‌స్ట్రామ్‌లను ఎక్కడి నుంచి కొలవాలన్నదే తేలదు. అంతకన్నా ముఖ్యం, క్లోరైడ్ బంగారానికి నేరుగా అంటుకుంటుంది. మీరు కొలుస్తున్నది ఒక్క నీటిని కాదు. క్లోరైడ్‌కు బదులు, అంతగా అంటుకోని సోడియం ఫ్లోరైడ్‌ను 0.001 మోలార్ దాకా పలుచన చేసి పొటెన్షియల్ మారుస్తూ కొలిస్తే, ఉపరితల ఆవేశం సున్నా అయ్యే చోట వక్రంలో లోయ కనిపించాలి, ఎందుకంటే అక్కడ వెనుకనున్న వ్యాపిత పొర (అయాన్లు ద్రావణంలోకి చెదిరి ఉండే భాగం) విలువ చదరపు సెంటీమీటరుకు 7 మైక్రోఫారడ్‌లే, రెండు పొరలూ శ్రేణిలో కలిపిన కెపాసిటర్లలాంటివి కనుక చిన్నదే పైచేయి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. నా దగ్గరున్నది బహుస్ఫటిక బంగారం (వేర్వేరు దిశల్లో ఉన్న చిన్న స్ఫటికాల ముద్ద). లోయ కనిపిస్తుందా?

సమాధానం 2:
కనిపించినా మసకగానే ఉంటుంది. బంగారంలో ఒక్కో స్ఫటిక ముఖానికి ఆవేశం సున్నా అయ్యే పొటెన్షియల్ ఒక్కో చోట ఉంటుంది.