పికప్ బండిలో డీపీఎఫ్ దీపం ఆరడం లేదు: ఫిల్టరే మార్చాలా, కారణం వేరే ఉందా?

ప్రశ్న (రాయగడ నుండి)

అందరికీ నమస్కారం. నాది బీఎస్ 6 డీజిల్ పికప్. రాయగడ బజారులో కిరాణా సరుకు ఎక్కించుకుని చుట్టుపక్కల ఊళ్లలోని దుకాణాలకు దింపుతుంటాను. ఒక దుకాణానికీ మరొక దుకాణానికీ మధ్య దూరం చాలా తక్కువ, బస్తాలు దింపేటప్పుడు ఇంజిన్ ఆపడం కూడా అరుదు. కొంతకాలంగా సైలెన్సర్ ఫిల్టర్ (డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్) దీపం వెలిగి, తనంతట తానే ఆరిపోతూ ఉండేది. ఇప్పుడది ఆరడం లేదు, దానితోపాటు ఇంజిన్ దీపం కూడా వెలిగింది, ఎక్కుడులో బండి లాగడం లేదు. సర్వీసు కేంద్రంలో చూపిస్తే కొత్త ఫిల్టర్ వేయాలన్నారు. బయటి మెకానిక్ ఒకరు ఫిల్టర్ డబ్బాను కోసి, లోపలి రాయి (మసిని పట్టే సిరామిక్ భాగం) తీసేసి, బండి కంప్యూటర్‌లో ఫిల్టర్ లెక్కను చెరిపేస్తే ఇక ఏ బాధా ఉండదంటున్నారు. రెండింటిలో ఏది చేయమంటారు?

సమాధానం (జయపురం నుండి, డీజిల్ మెకానిక్)

నమస్కారమండీ. ప్రస్తుతానికి రెండూ వద్దు. ఫిల్టర్ నిండడం రోగం కాదు, లక్షణం. మసి ఎక్కువగా ఎందుకు వస్తోందో, వచ్చిన మసి ఎందుకు కాలడం లేదో తేలకుండా కొత్త ఫిల్టర్ వేస్తే, కొంతకాలానికి అదీ ఇదే స్థితికి వస్తుంది.

ఈ ఫిల్టర్ లోపల సన్నని గొట్టాలు వరుసగా ఉంటాయి, ఒక దానికి ముందు మూత, పక్క దానికి వెనుక మూత. అందువల్ల పొగ గోడలగుండా దూరి వెళ్లక తప్పదు, మసి గోడ మీదే ఆగిపోతుంది. బండి లోడుతో చాలాసేపు నిలకడగా నడిస్తే పొగ వేడికే కొంత మసి కాలుతుంది. అది చాలనప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ పంపి ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిస్తుంది. మనం రీజెన్ అనేది దీన్నే. అది మొదలైనప్పుడు ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కాస్త పెరుగుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు దుకాణం ముందు బండి నిలిపేసినా, ఇంజిన్ ఆపేసినా పని సగంలో ఆగుతుంది. రోజూ ఇదే జరిగితే మసి పేరుకుపోక ఏమవుతుంది?

ఇప్పుడు మీరు చూడవలసినది అన్నిటికన్నా ముందు ఇంజిన్ ఆయిల్. బండిని చదునైన చోట ఆపి, కొంతసేపు ఆగి, ఆయిల్ కర్ర తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. మట్టం పై గీత దాటి ఉంటే, డీజిల్ వాసన వస్తుంటే, సగంలో ఆగిన రీజెన్‌లలో కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగిందని అర్థం. ఆయిల్ పెరిగిందిలే, మంచిదేననుకుని నడిపేవారిని చూశాను. అది చాలా ప్రమాదం. పలుచబడిన ఆయిల్, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోనూ బేరింగులనూ తినేస్తుంది. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్ గాలి దారిలోకి వెళ్లి, తాళం తీసినా ఇంజిన్ ఆగకుండా పరుగెత్తే పరిస్థితి రావచ్చు.

తర్వాత బండి కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్ పెట్టించి, దీపం ఆర్పించడానికి ముందే కోడ్‌లన్నీ కాగితం మీద రాయించుకోండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఫిల్టర్ ప్రెషర్ సెన్సర్ ఎంత చూపిస్తోందో అడగండి. అప్పుడది దాదాపు సున్నా ఉండాలి.

అడిగినవారి జవాబు (రాయగడ)

మీరు చెప్పినట్టే చూపించాను. ఆయిల్ పై గీతకు బాగా పైన ఉంది, కర్ర ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసనే. కోడ్‌లలో మసి ఎక్కువైందని చెప్పే పీ 2463తోపాటు ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ప్రవాహం తక్కువని చెప్పే పీ 0401 కూడా ఉంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు కూడా ప్రెషర్ సెన్సర్ సున్నాకు రావడం లేదు. సెన్సర్‌కు వెళ్లే రెండు రబ్బరు పైపులలో ఒకటి క్లిప్ దగ్గర పగిలి, చుట్టూ నల్లగా మసి కమ్మి ఉంది.

సమాధానం (జయపురం)

అయితే దారి దొరికినట్టే. ఫిల్టర్ ఎంత నిండిందో కంప్యూటర్‌కు చెప్పే ముఖ్యమైన సాక్షి ఆ సెన్సరే. పైపు పగిలినా, సెన్సర్ సున్నా తప్పినా అది అబద్ధపు లెక్క ఇస్తుంది. పైగా ఈజీఆర్ కోడ్ నిలిచి ఉన్నంతకాలం చాలా బండ్లలో కంప్యూటర్ రీజెన్‌ను అసలు మొదలుపెట్టదు. ట్యాంకులో డీజిల్ బాగా తగ్గినా అంతే.

కాబట్టి పైపులు రెండూ మార్చండి. మామూలు రబ్బరు పైపు వేడికి నిలవదు, బండికి వచ్చేదే వేయించండి. కొత్త పైపులతో కూడా సున్నా రాకపోతే సెన్సర్ మార్చి, స్కానర్‌తో కొత్త సెన్సర్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేయించాలి. ఈజీఆర్ వాల్వ్ విప్పి మసి శుభ్రం చేయించండి. అదే చేత్తో ఎయిర్ ఫిల్టర్‌ను, టర్బో నుండి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టాలను చూడండి. ఆ గొట్టంలో పగులుంటే గాలి తక్కువై మసి రెట్టింపవుతుంది. మట్టం ఇంత పెరిగింది కనుక రీజెన్‌కు ముందే ఆయిల్ మార్చండి. సీజే-4 లేదా సీకే-4 తరగతిదో, బండి పుస్తకంలో రాసినదో పోయించండి. ఈ రెండు తరగతులకు సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 1 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ నుండి వచ్చే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. చవక ఆయిల్ వల్ల జరిగే నష్టం ఇదే.

ఇవన్నీ అయ్యాకే స్కానర్‌తో నిలబెట్టి రీజెన్ చేయించండి. షెడ్డులో వద్దు, ఆరుబయట చేయించండి. బండి కింద ఎండుగడ్డి, గడ్డివాము, గోనెసంచులు ఏవీ ఉండకూడదు. మసి మరీ ఎక్కువగా చూపిస్తే బలవంతపు రీజెన్ చేయవద్దు, ఒకేసారి అంతా అంటుకుని లోపలి రాయి పగిలిపోతుంది. అప్పుడు ఫిల్టర్ విప్పి, యంత్రంతో శుభ్రం చేసేవారికి ఇవ్వాలి. ప్రెషర్ వాషర్‌తో కడగడం, ఊచతో పొడవడం చేస్తే గోడలు పాడై, ఆ ఫిల్టర్ ఇక పనికిరాదు.

మరొక ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

మా దగ్గర చాలామంది డబ్బా ఖాళీ చేయించుకుని నిశ్చింతగా తిరుగుతున్నారు కదా, అందులో తప్పేముంది?

సమాధానం (జయపురం)

అయ్యా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం నేరం. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర, బీమా దగ్గర, బండి అమ్మే రోజున కూడా అది బయటపడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఈజీఆర్ పాడై, గొట్టం పగిలి వచ్చే మసి అలాగే వస్తూ ఉంటుంది, ఆపేవాడు మాత్రం ఉండడు. ఆ నల్లపొగ పడేది మీరు సరుకు దింపే దుకాణాల ముందు నిలబడ్డ పిల్లల మీద. 2020 ఏప్రిల్ నుండి డీజిల్‌లో గంధకం 50 నుండి 10 పీపీఎంకు తగ్గించినది ఈ ఫిల్టర్లు నిలవాలనే. అందుకే గంధకం ఎక్కువుండే కిరసనాయిలు కలిపిన చవక డీజిల్ జోలికి కూడా పోవద్దు.

రాయగడ మిత్రులకు ఒక మాట. దుకాణం దగ్గర ఇంజిన్ ఆపేయండి, కానీ ఐడిల్ పెరిగి ఫ్యాన్ మోగుతుంటే ఆపకుండా ముందుకు నడపండి. వారానికోసారి కోమరాడ మీదుగా పార్వతీపురం వైపు సరుకు వేసుకుని, పెద్ద గేరులో పరుగెత్తించకుండా, చిన్న గేరులో ఇంజిన్ కాస్త గట్టిగా తిరిగేలా అరగంటకు తక్కువ కాకుండా నడపండి. సాలూరు నుండి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఫిల్టర్ బాగా వేడెక్కుతుంది, దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు కనుక చల్లబడుతుంది. అందువల్ల దిగుడు దూరాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రీజెన్ అయ్యాక ఆయిల్ మట్టం మళ్లీ పెరుగుతోందేమో కొన్నాళ్లు రోజూ పొద్దున కర్ర తీసి చూడండి. రీజెన్ సగంలో ఆగకుండానే మట్టం పెరుగుతుంటే, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు కారుతున్నాయని అనుమానించి వాటిని పరీక్షకు పంపాలి.