యాభై దాకా గడగడా అంటాడు, ఏడు గింజలు తెమ్మంటే పిడికెడు తెస్తాడు

ప్రశ్న (సిరొంచ, మహారాష్ట్ర): బాబుకు ఐదేండ్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. యాభై దాకా అప్పజెప్తాడు గాని ఏడు చింతగింజలు తెమ్మంటే పిడికెడు తెస్తాడు. 25 రాయమంటే 52 రాస్తాడు. ఫోన్‌ యాప్‌లు వద్దు, ఇంటి పనులతోనే ఎట్ల నేర్పాలి?

జవాబు (అహేరి): అప్పజెప్పుడు వేరు, లెక్కబెట్టుడు వేరు అక్కా. ఐదు గింజలు లెక్కబెట్టించి వెంటనే "మొత్తం ఎన్ని?" అని అడగండి. "ఐదు" అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడంటే, ఆఖరున అన్న అంకే మొత్తం అన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. ఏడు పక్కనబెట్టి మూడుతో మొదలుపెట్టండి. ముందే "ఇవి మూడు" అని చెప్పి, లెక్కబెట్టి, మళ్లీ "మూడు" అనాలి. కుప్పను వేలితో చూపిస్తూ లెక్కిస్తే ఒకే గింజ రెండుసార్లు పడుతుంది. చాటలోంచి తీసి గిన్నెలో వేసినకొద్దీ ఒక్కో అంకె అనాలి. అడిగినప్పుడల్లా మూడు సరిగ్గా ఇచ్చాకే నాలుగుకు పోవాలి. అన్నాలప్పుడు నలుగురికి ప్లేట్లు తెమ్మనండి. ఒకటి తక్కువ తెస్తే దిద్దొద్దు, ఎవరి ముందు లేదో వాడే చూస్తాడు.

జవాబు (బల్లార్షా): 52 వాడి మొద్దుతనం కాదు. మరాఠీ పంచవీస్‌లో ఐదు ముందు, ఇరవై తర్వాత. విన్న వరుసలోనే రాస్తున్నాడు. 29 ఇంకా చిక్కు: ఏకోణతీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 2019లో మహారాష్ట్ర బడిపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి పుస్తకంలో "వీస్ పాచ్" (ఇరవై ఐదు) అని చదివే పద్ధతి పెడితే పెద్ద రచ్చే అయింది. చీపురుపుల్లలు పదేసి కట్టి రబ్బరుబ్యాండు వేయండి. వాడికి ఎడమన రెండు కట్టలు, కుడిన ఐదు విడిపుల్లలు. ముందు తెలుగులో చెప్పించి రాయించండి, అవే పుల్లలకు తర్వాత మరాఠీ పేరు. అయితే పదిలోపు గట్టిపడేదాకా 25 జోలికే పోవద్దు.

జవాబు (రాజురా): అష్టాచెమ్మా ఆడించండి. నాలుగు గవ్వలు, ఎన్ని వెల్లకిల పడితే అన్ని గళ్లు. అన్నీ బోర్లా పడితే ఎనిమిది అన్న నియమం ఇప్పుడు తీసేయండి, ఏమీ లెక్కకు రానప్పుడు ఎనిమిదేంటో ఈ వయసుకు అందదు. పిల్లలు కాయ ఉన్న గడినే "ఒకటి" అంటారు. పక్క గడిలో పెట్టాకే "ఒకటి" అనిపించండి. వామనగుంటలైతే పద్నాలుగు గుంటలు, డెబ్బై గింజలు వద్దు. మనిషికి మూడు గుంటలు, గుంటకు మూడు గింజలు చాలు.

ప్రశ్న (సిరొంచ): రెండేండ్ల చెల్లె కూడా పక్కనే కూచుంటది.

జవాబు (అహేరి): అయితే గింజలు, గవ్వలు తీయకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటది. ఆమె ఉన్నప్పుడు ఉల్లిగడ్డలు, గరిటెలతో కానివ్వండి.